రేగు గింజలు ఆగిన చోట

కుక్క పేగు కోసి మళ్ళీ కలపడానికి ఏ పద్ధతి మంచిదన్న విషయం మీద చదువుకున్న మనుషులు గొంతులు చించుకుంటారంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. నేను చించుకున్నాను. బెంగాల్లో, సంత్రాగాఛి స్టేషన్ దగ్గర ఒక పాత మేడ కింద ఉన్న పశువుల క్లినిక్‌లో, టీ తాగే వేళ దాదాపు రోజూ అదే పని. అవతలి మనిషి మా సార్. ఆయన పశువైద్య కాలేజీలో సర్జరీ పాఠాలు చెప్పి రిటైరై, తను ఉంటున్న ఇంటి కిందనే ఈ క్లినిక్ పెట్టుకున్నారు. నేను ఆయన దగ్గర పనిచేసే సర్జన్ని.

ఆయనది రెండు వరసల కుట్టు. ముందు పేగు అంచులు రెండూ కలిపి ఒక వరస కుడతారు. ఆ వరస లోపలికి మడతపడిపోయేలా పైనుంచి నల్ల సిల్కు దారంతో ఇంకో వరస వేస్తారు. బయటనుంచి చూస్తే నున్నగా, కుట్టిన జాడే తెలియకుండా ఉంటుంది. నాది ఒకటే వరస. అంచుకు అంచు ఆనించి, దేని ముడి దానికి విడిగా వేసి, కొన్నాళ్ళకి కరిగిపోయే దారంతో కుడతాను. చూడటానికి అంత అందంగా ఉండదు. ముళ్ళన్నీ బయటికి కనిపిస్తూనే ఉంటాయి.

ఆయన భయం కారడం. కుట్టు సందులోంచి పేగులో ఉన్నది కొంచెం బయటికొచ్చినా కడుపంతా చీము పడుతుంది, ఆ కుక్క ఇక దక్కదు. కాబట్టి ఒకటికి రెండు వరసలు వేసి నిద్రపోవాలంటారు. నా భయం ఇరుకు. లోపలికి మడిచిన అంచు పేగు దారికి అడ్డంగా గట్టు కడుతుంది. చిన్న జంతువుకి అసలే సన్నగా ఉండే దారి ఇంకా సన్నబడుతుంది. పైగా రెండు వరసల దారం బిగిస్తే అంచుకి నెత్తురు సరిగా అందదు, మానడం ఆలస్యమవుతుంది. పేగు గోడలో పట్టు ఉన్నదంతా ఒక్క సన్నని పొరలోనే. ఆ పొరని సూది పట్టుకుంటే ఒక వరస చాలు, పట్టుకోకపోతే పది వరసలు వేసినా దండగ. నా పీజీ అంతా ఇలాంటి పోలికల మీదే గడిచింది. విడి ముళ్ళు మంచివా, ఒకే దారంతో చుట్టూ కుట్టుకుపోవడం మంచిదా, క్లిప్పులు కొట్టే స్టేప్లర్ మంచిదా అని చూడటమే పని. స్టేప్లర్ ఊసెత్తితే మాత్రం సార్ నన్ను కాగితాలకి పిన్నులు కొట్టే గుమాస్తాలా చూసేవారు.

వాదన ముదిరిందంటే ఆయన మాటలు ఆపేసి టేబుల్ కిందికి చెయ్యి చూపించేవారు. అక్కడ ఆయన కుక్క పడుకుని ఉండేది. ఎర్రటిది, సన్నటిది. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. రైలు యార్డు దగ్గర పుట్టిన వీధి జాతి. పిల్లగా ఉన్నప్పుడు దాని పేగు ఒకటి ఇంకో పేగులోకి దూరిపోయి చావుకి దగ్గరైతే సారే కోసి, పాడైన ముక్క తీసేసి, రెండు వరసలు కుట్టి బతికించారు. తర్వాత వదల్లేక ఇంట్లోనే పెట్టుకున్నారు.

"ఇదిగో, ఇక్కడుంది నా జవాబు. ఇది కారిందేటి?" అనేవారు.

కారలేదు. కప్పు కడిగేసుకుని వెళ్ళి తర్వాతి కేసు చూసేదాన్ని. ఒళ్ళు మండేది. ఒక్క కుక్క బతికినంత మాత్రాన పద్ధతి గొప్పదైపోతుందా అని రెండో హుగ్లీ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని క్యాబ్‌లో నాలో నేనే జవాబులు చెప్పుకునేదాన్ని. నేనుండేది న్యూ టౌన్‌లో. ఊరికి ఈ చివరినుంచి ఆ చివరికి రావడం, పోవడం. నాకు అసలే ఓపిక తక్కువ. ఆ దారి ఉన్న ఓపిక కూడా తినేసేది.

సార్ వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేయడానికి శ్రీకాకుళం వైపునుంచి వచ్చారు. సార్ పుట్టింది ఇక్కడే, రైల్వే క్వార్టర్స్‌లో. పేషెంట్లతో బెంగాలీ, మేం దాదా అని పిలిచే కంపౌండర్‌తో బెంగాలీ, ఇంట్లోనూ నాతోనూ మాత్రం 'ఏటి' తెలుగు. నేను కరీంనగర్ దాన్ని. మొదట్లో ఒకరి తెలుగు ఒకరికి పూర్తిగా అందక మధ్యలో బెంగాలీని సాయం తెచ్చుకున్న రోజులున్నాయి. ఆయన భార్యని వీధంతా కాకిమా, అంటే పిన్ని, అంటుంది. నాకూ అదే నోటికి పట్టింది. ఆవిడ నాకు తెలిసిన మనుషులందరిలోకి నెమ్మదైన మనిషి. ఆ ఇంట్లో కుదురు అంటూ ఉంటే అది ఆవిడదే. సార్ కూర్చుని టీ తాగడం నేను చూడలేదు. కప్పు పట్టుకుని వరండాలో ఈ కొసనుంచి ఆ కొసకి తిరుగుతూ తాగేవారు.

ఆయన రోజులో ఒక్కసారి మాత్రం నేలమీద కుదురుగా కూర్చునేవారు. మధ్యాహ్నం కుక్కకి అన్నం పెట్టేటప్పుడు. స్టీలు గిన్నెలో అన్నం, ఉడికించిన కోడి ముక్కలు వేసి, ఆ ఉడికిన నీళ్ళే పోసి, చేత్తో పిసికేవారు. మెతుకు, ముక్క ఏదీ వేలికి తగలనంతవరకూ పిసికేవారు. పసిపిల్లలకి కూడా అంత మెత్తగా పెట్టరు. పిసక్కుండా పెడితే ఆ కుక్క తిని, కాసేపటికి కక్కేసేది. ఎక్కువ పెట్టినా అంతే. దానిది నాజూకు ప్రాణమని, జమీందారు బిడ్డ అని కాకిమా ఎగతాళి చేసేది. నేనూ నవ్వేదాన్ని. వైద్యురాలినై ఉండి, అన్నాళ్ళు ఆ గిన్నె కళ్ళముందే చూస్తూ, అదేదో అలవాటు అనుకున్నాను. మా ముగ్గురిలో ఎవరికీ వేరే ఆలోచన రాలేదు.

ఆ ఏడు భోగికి కాకిమా పక్క వీధిలో ఉండే మనవరాలికి భోగిపళ్ళు పోసింది. పోసిన పళ్ళు ఎవరూ తినరు, తీసి పారేస్తారు. పోయగా మిగిలినవి తినొచ్చు. మా ఇంట్లోనైతే అవి సాయంత్రానికి మా కడుపుల్లో ఉండేవి. వీళ్ళింట్లో అదీ కుదరదు. బెంగాల్లో సరస్వతీ పూజ అయ్యేదాకా చదువుకునే పిల్లలు రేగుపండు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చదువు రాదని ఇక్కడి పిల్లలందరికీ భయం. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు కాబట్టి శ్రీకాకుళం ఆచారమూ వదల్లేదు, ఊరి ఆచారమూ వదల్లేదు. పిల్ల తల మీద రేగుపళ్ళు పోస్తారు. మిగిలినవి మాత్రం బుట్టలో పెట్టి, పైన పేపరు కప్పి, దేవుడి గూటి కింది అరలో పూజ దాకా దాస్తారు. పూజ రోజున వాటితో బెల్లం పచ్చడి. పిల్ల తినకూడదు గనక ఇంట్లో పెద్దలు కూడా తినరు. ఇలా తెలుగు పండక్కీ బెంగాలీ పండక్కీ మధ్య కొన్ని వారాలపాటు నేలకి జానెడెత్తున ఒక పళ్ళ బుట్ట ఊరికే ఎండుతూ కూర్చునే ఇల్లు ఈ ఊళ్ళో తెలుగువాళ్ళది తప్ప ఇంకొకరిది ఉండదు.

ఆ ఇంట్లో ఆ నియమం తెలియనిది కుక్క ఒక్కటే.

భోగి అయిన కొన్నాళ్ళకి ఒకరోజు పొద్దున నేను వచ్చేసరికి కాకిమా మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో ఖాళీ బుట్ట. "బుట్టడు పళ్ళూ తినీసినాదమ్మా," అంది. "అన్నం తినమంటే మొకం తిప్పుకునే కుక్క."

తిన్నది ముందురోజట. రాత్రినుంచి కక్కుతోంది. టేబుల్ మీద పడుకోబెట్టి కడుపు మీద చెయ్యి వేస్తే మూలిగింది. ఎక్స్‌రే తీశాం. తెర మీద గింజలు కనిపించాయి. ఒక్కచోట, గుంపుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి. వాటి వెనక పేగు గాలితో ఉబ్బిపోయి ఉంది. ముందు ఏమీ లేదు.

నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నోరు మూసుకుని ఉండటం నాకు రాదు. "ఇంత కుక్కకి రేగు గింజ అడ్డం పడటమేంది సార్? జారిపోవాలె గదా," అన్నాను.

సార్ తెర దగ్గరికి వంగి ఒకే చోట చూస్తూ ఉండిపోయారు. తర్వాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "నువ్వే చెయ్యమ్మా," అన్నారు. "నీ పద్ధతిలోనే చెయ్యి. నేను లోపలికి రాను."

ఆ మాటకి సంతోషించాల్సింది పోయి నాకు భయం వేసింది. తన కుక్క కాబట్టి చెయ్యాడదేమో, సరే. నా పద్ధతిలో చెయ్యమనడమేమిటి? ఇన్నేళ్ళ వాదనలో ఒక్క మెట్టు దిగని మనిషి, దిగడానికి ఇవాళే దొరికిందా? నా కుట్టు కారితే ఆ కుక్క చచ్చిపోతుంది. ఆయనకి ఆ కుక్క అంటే ఏమిటో నాకు తెలుసు. దాంతోపాటు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. కారితే ఆయన మాటే నెగ్గుతుంది. అలాంటి సమయంలో అది గుర్తొచ్చినందుకు నా మీద నాకే చిరాకు వేసింది, కానీ గుర్తొచ్చింది.

మత్తిచ్చి కడుపు తెరిచాం. పేగు బయటికి తీసి తడి గుడ్డల మీద పరుస్తూ వెళ్ళాను. ఉబ్బిన భాగం ఎర్రగా, బొటనవేలి కంటే లావుగా వస్తోంది. దాని చివర గింజలు చేతికి తగిలాయి. వాటి తర్వాత పేగు ఒక్కసారిగా సన్నబడిపోయింది. సన్నబడిన చోట చుట్టూ ఒక తెల్లటి, గట్టి పట్టీ. ఉంగరం తొడిగినట్టు ఉంది. దాన్ని వెలుతురులోకి తిప్పితే గోడలో రెండు నల్లటి చుక్కలు కనిపించాయి.

సిల్కు దారం. ఆయన వేసిన ముళ్ళు.

అప్పటికిగాని నా మట్టిబుర్రకి తట్టలేదు. పిల్లగా ఉన్నప్పటి సన్నని పేగుని లోపలికి మడిచి, రెండు వరసలతో బిగించారు. కుక్క పెరిగింది. పేగు పెరిగింది. కుట్టిన చోటు మాత్రం బిగుసుకుని ఆ పసితనపు కొలతలోనే ఉండిపోయింది. మెత్తగా పిసికిన అన్నం దాన్ని దాటేది. మెతుకులు దాటేవి కావు. గింజలు అసలు దాటవు. నాజూకు లేదు, జమీందారీ లేదు. మత్తులో ఉన్న ఆ ఎండిన మొహాన్ని చూస్తూ కత్తి పట్టుకుని ఆగిపోయాను. ఎదురుగా పేగుని వేళ్ళతో నొక్కి పట్టుకున్న దాదా "దిదీ?" అన్నాడు. ఏం లేదని పని మొదలుపెట్టాను.

పాడైన భాగం, ఆ ఉంగరం, రెండు పక్కలా కాస్త మంచి పేగు కలిపి కోసి తీసేశాను. మిగిలిన రెండు మూతులు సమానంగా లేవు. ఉబ్బిన వైపు పెద్దది, ఇన్నేళ్ళూ సరిగా నిండని వైపు చిన్నది. చిన్నదాన్ని ఏటవాలుగా కోసి మూతి పెద్దది చేశాను. పేగుకి నెత్తురు తెచ్చే పొర అతుక్కుని ఉండే వైపు మొదటి ముడి వేశాను. అక్కడ కొవ్వు అడ్డమొచ్చి అంచు కనపడదు, కారితే ఎక్కువగా అక్కడే కారుతుంది. దానికి ఎదురుగా రెండోది. ఆ రెంటి మధ్యలో ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాను. ఆ తర్వాత దాదా రెండు పక్కలా వేళ్ళతో మూస్తే సిరంజితో లోపలికి సెలైన్ ఎక్కించి చూశాను. ఆ మొదటి ముడి పక్కనే ఒక చుక్క ఊరింది.

ఒక్క చుక్క. అక్కడ ఇంకో ముడి వేశాను. మళ్ళీ సెలైన్ ఎక్కించాను. ఈసారి రాలేదు. అయినా నా చెయ్యి ఊరుకోదు. ఇంకొకటి వేద్దామా, ఇంకొకటి వేద్దామా అని సూది పట్టుకుని అలాగే ఉన్నాను. ఎక్కువ ముళ్ళు వేస్తే నెత్తురందదని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే. బలవంతాన సూది ట్రేలో పడేశాను. పేగుల మీద దుప్పటిలా పరుచుకుని ఉండే కొవ్వు పొరని తెచ్చి కుట్టు చుట్టూ కప్పాను. కుట్టు మానడానికి అది చేసే సాయం ఏ దారమూ చెయ్యదు. ఈ ఒక్క విషయంలో సార్‌కీ నాకూ ఎప్పుడూ గొడవ లేదు.

బయటికొచ్చేసరికి ఆయన వరండాలో తిరుగుతున్నారు. బతికే ఉందని, కలిపేశానని చెప్పాను. "కారిందా?" అన్నారు. లేదన్నాను. ఆ చుక్క గురించి కూడా చెప్పి, ముడి వేశానని చెప్పాను. తల ఊపారు. గింజలు ఎక్కడ ఆగాయి, అక్కడ ఏముంది అని అడుగుతారని చూశాను. అడగలేదు. మళ్ళీ నడక మొదలుపెట్టారు.

ఇక్కడ సార్ పనిపద్ధతి ఒకటి చెప్పాలి. ఏ ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్కనైనా ఆయన చూడందే పారేయడానికి లేదు. దాన్ని నిలువునా చీల్చి, నీళ్ళలో కడిగి, వేలు పెట్టి తడిమి, జబ్బు ఎక్కడ మొదలైందో పక్కనున్నవాళ్ళందరికీ చూపించి గాని వదలరు. ముక్క చూడనివాడు సగం ఆపరేషనే చేసినట్టు అనేవారు. అందుకని దాదా అలవాటుగా ఆ ముక్కని కుళ్ళకుండా ఫార్మలిన్ సీసాలో వేసి తెచ్చి, సార్‌కి చూపిద్దామా అని అడిగాడు. తర్వాత చూద్దామన్నాను. దూది కట్టల వెనక అరలో పెట్టాను.

పేగు కుట్టాక మొదటి రెండు రోజులు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. అసలు గండం మూడో రోజునుంచి ఐదో రోజు దాకా. అప్పుడు కుట్టిన అంచు పాత బలం పోయి, కొత్త బలం ఇంకా రాక, దారం మీదే ఆధారపడి ఉంటుంది. ఆ రోజుల్లో నేను మనిషిలా లేను. పొద్దున్నే బయల్దేరి, వంతెన మీద బండి ఆగితే డ్రైవర్ మీద విసుక్కుని, దిగి క్లినిక్‌లోకి దాదాపు పరుగెత్తేదాన్ని. ఆ చుక్క నా కళ్ళముందే ఊరుతూ ఉండేది. ఇంట్లో కూర్చుంటే లేవాలని, లేస్తే ఫోన్ చెయ్యాలని. ఫోన్ చేస్తే దాదా ఎప్పుడూ ఒకటే మాట, ఉంది దిదీ, పడుకుని ఉంది.

మూడో రోజు అది తినలేదు. ఒళ్ళు కాస్త వెచ్చబడింది. కాకిమా దాని పక్కన పీట వేసుకుని కూర్చుంది. సార్ వచ్చి, జ్వరం ఎంతుందని అడిగి, వెళ్ళి, మళ్ళీ వచ్చి అదే అడిగారు. మా ఇద్దరి నడకల మధ్య కాకిమా ఒక్కతే కదలకుండా ఉంది. నాలుగో రోజు ఇక ఉండబట్టలేక కడుపులోకి సన్నని సూది దించి, వచ్చిన రెండు చుక్కల నీళ్ళు గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్ కింద చూశాను. ఆపరేషన్ తర్వాత ఉండాల్సిన కణాలున్నాయి. క్రిములు లేవు. పలకంతా అంగుళం అంగుళం వెతికాను. లేవు. తల ఎత్తితే సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "మీరూ చూడండి," అన్నాను. కూర్చుని చూశారు. చాలాసేపు చూశారు.

ఇంకో పక్క ఆ సీసా. కుక్క బతుకుతుందన్న ఆశ పెరిగేకొద్దీ నాకు ఆ సీసా భయం పెరిగింది. ఆయన చీల్చి చూస్తే తెలిసిపోతుంది. తన కుక్క చావుకి దగ్గరైంది తన కుట్టు వల్లేనని, టేబుల్ కింద చూపించి గొప్పలు చెప్పుకున్నది అదే కుట్టని. ఇన్నేళ్ళు నేను కోరుకున్న గెలుపు దూది కట్టల వెనక సీసాలో మునిగి ఉంది. నాకది అక్కర్లేదు. పసుపు సంచిలో వేసేస్తే ఆస్పత్రి చెత్త బండి వచ్చి పట్టుకుపోతుంది, అడిగితే దాదా పొరపాటున పారేశాడని చెప్పొచ్చు. రెండుసార్లు సీసా చేతిలోకి తీసుకున్నాను. రెండుసార్లూ అక్కడే పెట్టాను. ఆయనకి అబద్ధం చెప్పడం నాకు రాదు. నిజం చెప్పడానికి నోరు లేవదు. మనిషిని ఇలా రెంటికీ కాకుండా చేసిన ఆ గింజల మీద కోపమొచ్చేది.

గండం గడిచింది. జ్వరం తగ్గింది. కుక్క లేచి నిలబడి, తోక ఒకసారి ఊపి, కాకిమా పట్టుకున్న గిన్నెలో నీళ్ళలాంటి జావ నాకింది. నాకి, ఇంకా ఉందా అన్నట్టు గిన్నె అడుగంతా నాకింది. కాకిమా కళ్ళు తుడుచుకుంది. నేను బయటికెళ్ళి నిలబడ్డాను. కాసేపటికి సార్ నా వెనకాలే వచ్చారు.

"ముక్క ఎక్కడ పెట్టేవమ్మా?" అన్నారు.

ఇంక చేసేదేముంది? సీసా తెచ్చి ఇచ్చాను. ఆయన చేతులకి గ్లోవ్స్ వేసుకుని, ట్రేలో ముక్క పెట్టి, కత్తెరతో చీల్చకుండా ముందు మూతిలోంచి చిటికెన వేలు పెట్టారు. వేలు కొంచెం దూరం వెళ్ళి ఆ ఉంగరం దగ్గర ఆగిపోయింది. నెట్టారు. వెళ్ళలేదు. వేలు అలాగే ఉంచి నా వైపు చూడకుండా మాట్లాడారు.

"నాకు ఎక్స్‌రేలోనే తెలిసిపోయింది. నేను కుట్టిన చోటు నాకు తెలీదేటి? అందుకే నిన్ను చెయ్యమన్నాను."

దాదా ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. "సార్, మీ కుట్టు కారలేదు. ఆ రోజు మీరు చెయ్యకుంటే అది ఉండేదే కాదు. అది బతికింది," అన్నాను. నిజంగా అనుకునే అన్నాను.

"బతికిందమ్మా," అన్నారు. "ఆకలితో బతికింది."

ఆ తర్వాత చాలాసేపు ఆయన ముక్కని కడుగుతూనే ఉన్నారు. చీల్చారు. ఆ రెండు నల్లటి ముళ్ళని పట్టకారుతో బయటికి లాగి ట్రే అంచున పెట్టారు. దాదాని పిలవలేదు, ఎవరికీ చూపించలేదు. కడుపు నిండని కుక్క కాబట్టే బుట్టడు పళ్ళు తినిందని, దానికి అన్నం ఇష్టం లేదని తామంతా నవ్వుకున్నామని, తను ఇన్నేళ్ళు పిసికి పిసికి పెట్టింది తన కుట్టులోంచి దాటించడానికేనని, ఒక్కొక్కటే, ముక్కతో చెప్తున్నట్టు చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

సరస్వతీ పూజ రెండు వారాల తర్వాత వచ్చింది. వీధి చివర పందిట్లో మైకు, పసుపు చీరలు కట్టుకుని పిల్లలు. కాకిమా భోజనానికి రమ్మంది. ఆ ఏడు బెల్లం పచ్చడికి పళ్ళు బజారునుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. మనవరాలు ముందుగా ఒక పండు నోట్లో వేసుకుని, గింజని జాగ్రత్తగా తాతయ్య చేతిలో ఊసింది. ఆయన దాన్ని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నారు. ఆ ఇంట్లో గింజ అనేది నేలమీద పడటం ఇక లేదు.

కుక్క అప్పటికి కోలుకుంది. పక్కల్లో కొంచెం కండ కూడా పట్టింది. కాకిమా పెట్టే జావ, మెత్తని అన్నం అన్నీ తింటోంది, కక్కడం లేదు. మామూలు అన్నం పెట్టి చూడొచ్చని ముందురోజే చెప్పాను. చెప్పాననే గాని, ఆ ఏటవాలుగా కోసిన మూతి, ఆ చుక్క ఊరిన చోటు నా బుర్రలోంచి పోలేదు. విస్తరి ముందు కూర్చున్నానన్న మాటేగాని కళ్ళు వరండాలోనే ఉన్నాయి.

సార్ స్టీలు గిన్నెలో అన్నం వేశారు. పొడిపొడిగా, మెతుకులు మెతుకులుగా. కోడి ముక్కలు ముక్కల్లాగే వేశారు. పిసకలేదు. గిన్నె కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. ఆయన మొహంలో పరీక్ష రాసిన పిల్లల భయం ఉంది. నేను తినడం ఆపేశాను.

కుక్క వచ్చింది. వాసన చూసింది. తోక ఊపింది. తినలేదు. గిన్నె ముందు కూర్చుని తల ఎత్తింది.

"తినూ," అన్నారు సార్. "ఇప్పుడు నువ్వు తినొచ్చు."

అది గిన్నె వైపు చూడలేదు. ఆయన కుడిచేతి వైపు చూస్తూ కూర్చుంది. ఆ చెయ్యి వస్తేనే అన్నం అన్నమవుతుందని దానికి తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలిసింది అదే. దానికి మా పద్ధతులు తెలియవు, ఉంగరం తెలియదు, ఎవరిది తప్పో తెలియదు. కాకిమా వంటింట్లోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

సార్ నెమ్మదిగా నేలమీద కూర్చున్నారు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, గిన్నెలో చెయ్యి పెట్టి, అవసరం లేని ఆ అన్నాన్ని పిసకడం మొదలుపెట్టారు. కుక్క ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి, అన్నం అయ్యేదాకా ఆగింది.